డెబ్భై ఏళ్లు ముందే అందిన చావు కబురు

సైన్స్ ఫిక్షన్ రచయిత, అభిమాని బాబ్ టక్కర్ 2006 అక్టోబరు 6న అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఇంకో ఏడు వారాలు ఉంటే 92 నిండేవి. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో ఆయన్ను ఎరిగినవాళ్లు ఆ కబురు విని "ఈసారైనా నిజమేనా?" అని అడిగి ఉంటే వాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆయన చనిపోయారన్న వార్త మొదటిసారి అచ్చయింది 1930ల నడుమ. అప్పటికి ఆయనకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు.

జరిగింది ఇదీ. ‘అస్టౌండింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో పాఠకుల ఉత్తరాలకు ‘బ్రాస్ ట్యాక్స్’ అనే శీర్షిక ఉండేది. టక్కర్ ఆ శీర్షికకు ఉత్తరం రాస్తూ ఒక సంఘం పెట్టినట్టు ప్రకటించారు. సైన్స్ ఫిక్షన్ పత్రికలకు ఇనప పిన్నులు కొట్టడాన్ని అరికట్టడమే ఆ సంఘం ఆశయం. దాని పేరు ఎంత పొడుగంటే పొడి అక్షరాల్లో రాసినా నోరు తిరగదు. న్యూయార్క్‌లో డొనాల్డ్ వోల్‌హైమ్ అనే మరో కుర్రాడు ఉన్నాడు. అతను ఊరుకుంటాడా! పిన్నుల వాడకాన్ని కాపాడటానికి పోటీ సంఘం పెట్టాడు. పేరు ఇంకా పొడుగు. రెండు పక్షాలూ ఉత్తరాల పేజీలో కత్తులు దూసుకున్నాయి. ఈ పిన్నుల యుద్ధం నడుస్తుండగానే టక్కర్ చనిపోయాడంటూ పత్రికకు ఒక ఉత్తరం వెళ్లింది. సంపాదకుడు నమ్మి అచ్చు వేశాడు, పాఠకులు చదివి నమ్మారు. యుద్ధానికి అక్కడితో తెరపడింది. ఆ తర్వాత ‘పోయినాయన’ నిక్షేపంగా ఉన్నాడని తెలిసింది. 1940ల చివర్లో ఇలాంటిదే మరో పుకారు మళ్లీ లేచింది.

బతికున్న మనిషి గురించి చావు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మన పెద్దవాళ్లంటారు. టక్కర్ విషయంలో లెక్క బాగానే కుదిరింది.

ఇదంతా కుర్రకారు ఆకతాయితనమని కొట్టిపారేయొచ్చు. కానీ ఒక్క ఉత్తరం ముక్కతో మనిషిని చంపేయగలిగారంటే, అసలు ఆ మనిషి మిగతావాళ్లకు ఎలా తెలుసన్నది చూడాలి. ఉత్తరాల ద్వారానే తెలుసు. ఇల్లినాయి రాష్ట్రంలో బ్లూమింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఉండే టక్కర్‌ని న్యూయార్క్ వాళ్లు, లాస్ ఏంజెలెస్ వాళ్లు కళ్లతో చూసింది లేదు. గొంతు విన్నదీ లేదు. కాగితం మీద పరిచయమైన మనిషి కాగితం మీదే పోయాడంటే నమ్మకుండా ఉండటానికి వాళ్ల దగ్గర కారణమేమీ లేదు.

ఆ పరిచయాలు మొదలైన తీరు కూడా అలాంటిదే. 1926లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పెట్టిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పాఠకుల ఉత్తరాల కింద వాళ్ల పూర్తి అడ్రసులు వేసేవాడు. మన వారపత్రికల్లో కలంస్నేహం శీర్షికలు నడిచిన రోజులు ఎరిగినవాళ్లకు ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. పాఠకులు సంపాదకుణ్ణి దాటి ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. రాకెట్ల గురించి, అంగారకుడి గురించి మాట్లాడితే ఇంట్లోవాళ్లు వింతగా చూసే కాలమది. ఊరికొకడుగా విసిరేసినట్టున్న కుర్రాళ్లు పోస్టుమాన్ పుణ్యమా అని ఒక గుంపుగా మారారు. 1930 నాటికే షికాగోలో సొంత పత్రిక వచ్చింది. 1934లో గెర్న్స్‌బ్యాక్ తానే ‘సైన్స్ ఫిక్షన్ లీగ్’ అనే సంఘం పెట్టి ఊరూరా శాఖలు తెరిపించాడు. 1939 జూలైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సమావేశం జరిగితే దాదాపు రెండొందల మంది వచ్చారు. చాలామంది అక్కడే ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకున్నారు.

తెలుగులో అభిమాని అంటే వెంటనే కళ్ల ముందుకొచ్చేది కటౌటు, పాలాభిషేకం, బెనిఫిట్ షో టికెట్ కోసం తోపులాట. ఇక్కడ ఆ అర్థం పనికిరాదు. టక్కర్ తరం అభిమానులకు ఆరాధించడానికి హీరో ఎవరూ లేరు. రచయితలంటే గౌరవమున్నా, ఆ రచయితలు కూడా అదే గుంపులోంచి వచ్చినవాళ్లు, సాయంత్రం పక్కన కూర్చుని కబుర్లాడేవాళ్లు. అభిమానం అంటే ఇక్కడ పని చేయడం. పత్రిక నడపడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, సమావేశానికి గదులు మాట్లాడటం, చందాల లెక్క రాయడం. పైసా రాదు, చేతి డబ్బు పోతుంది. టక్కర్‌కి బతుకుతెరువు సినిమా థియేటర్లలో ప్రొజెక్టర్ ఆపరేటరు పని, స్టేజీ ఎలక్ట్రీషియన్ పని. 1972లో రిటైరయ్యే దాకా అదే చేశారు. మిగిలిన సమయం టైపు మిషనుది.

1932 ప్రాంతంలోనే ‘ప్లానెటాయిడ్’ అనే చిన్న పత్రిక తెచ్చిన ఆయన, 1938 డిసెంబరులో ‘లె జాంబీ’ మొదలుపెట్టారు. అబద్ధంగానైనా ఒకసారి చచ్చి లేచిన మనిషి పత్రికకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. అరవైకి పైగా సంచికలు వచ్చాయి.

ఆ రోజుల్లో ఇలాంటి పత్రిక ఎలా తయారయ్యేదో ఒక్కసారి చూస్తే ఆ మనుషుల ఓపిక అర్థమవుతుంది. సైక్లోస్టైలు తెలిసినవాళ్లకు ఇది పాత కథే. టైపు మిషనులోంచి రిబ్బను పక్కకు తప్పించి, మైనం పూసిన స్టెన్సిల్ కాగితం ఎక్కించాలి. అక్షరం గట్టిగా కొడితే మైనం చీలి, ఆ చీలికలోంచి తర్వాత సిరా దిగుతుంది. మరీ గట్టిగా కొడితే ‘ఒ’ లాంటి గుండ్రటి అక్షరం నడుమ ముక్క ఊడిపడి కాగితం మీద నల్లటి చుక్క మిగులుతుంది. తప్పు పడితే ఘాటైన వాసనొచ్చే దిద్దుబాటు ద్రవం పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చుని, మళ్లీ కొట్టాలి. తర్వాత స్టెన్సిల్‌ని డ్రమ్ముకి చుట్టి, చేత్తో తిప్పుతూ ఒక్కో కాగితం లాగాలి. సిరా ఆరేలోపు ఒకదాని మీద ఒకటి పెడితే అక్షరాలు అవతలి కాగితం వీపుకి అంటుకుంటాయి. ఇంత చేసి కాపీలు వందో, రెండొందలో. వాటికి పిన్నులు కొట్టి, అడ్రసులు రాసి, స్టాంపులు అంటించి పోస్టులో వెయ్యాలి. అన్నట్టు పిన్నుల మీద యుద్ధం ప్రకటించిన మనిషే ఇక్కడ పిన్నులు కొట్టుకునే పనిలో పడ్డాడు.

‘లె జాంబీ’ 1941 జనవరి సంచికలో టక్కర్ ఒక మాట పుట్టించారు. అప్పటికి కౌబాయ్ సినిమాలను వెటకారంగా ‘హార్స్ ఒపేరా’ అనేవాళ్లు. గృహిణుల కోసం రేడియోలో వచ్చే ఏడుపు సీరియల్స్‌కి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టేవి కాబట్టి అవి ‘సోప్ ఒపేరా’లు అయ్యాయి. మరి అంతరిక్ష నౌక ఎక్కి లోకాన్ని కాపాడే, అరిగిపోయిన మూస కథలను ఏమనాలి? ‘స్పేస్ ఒపేరా’ అందాం అన్నారు టక్కర్. అది పచ్చి తిట్టు. కంపు కొట్టే సరుకు అని చెప్పడానికే ఆ మాట.

ఆ మాట తర్వాత నడిచిన దారి టక్కర్ ఊహించి ఉండరు. మూడు నాలుగు దశాబ్దాలు తిట్టుగానే ఉంది. తర్వాత నెమ్మదిగా రంగు మారింది. 1977లో ‘స్టార్ వార్స్’ వచ్చాక అలాంటి కథలంటే జనానికి మోజు పెరిగింది, రచయితలు తమ నవలలను తామే గర్వంగా స్పేస్ ఒపేరా అని చెప్పుకోసాగారు. ఇవాళ పుస్తకాల షాపులోనూ, ఓటీటీ జాబితాలోనూ అది ఒక వర్గం పేరు, అంతే. వాడేవాళ్లలో వందకి ఒకరికైనా టక్కర్ పేరు తెలుస్తుందా అన్నది అనుమానమే. రచయిత పోతే పుస్తకం అట్ట మీద పేరుంటుంది. అభిమాని పోతే మాట మిగులుతుంది, పేరు రాలిపోతుంది. టక్కర్‌ని తలుచుకోవడంలో ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పేరు రాలిపోని చోటు ఒకటుంది. టక్కర్ పూర్తి పేరు ఆర్థర్ విల్సన్ టక్కర్. అభిమానులకు బాబ్, పుస్తకాల మీద విల్సన్. 1946లో వచ్చిన మొదటి నవల ‘ద చైనీస్ డాల్’ ఒక డిటెక్టివ్ కథ. అందులో పాత్రలకు తన స్నేహితుల పేర్లు తగిలించారు. తర్వాతి నవలల్లోనూ అదే అలవాటు. కథ మధ్యలో ఏ పోలీసుకో, ఏ శవానికో తమ పేరు కనిపిస్తే ఆ స్నేహితులకు నవ్వొచ్చేది, బయటి పాఠకుడికి తేడా తెలిసేది కాదు. తెలిసినవాళ్ల పేర్లు పాత్రలకు పెట్టడం అన్ని భాషల రచయితలూ చేసేదే. కానీ ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్‌లో ఆ పనికి ‘టక్కరిజం’ అన్న పేరే స్థిరపడింది. తెలుగు చెవికి ‘టక్కరి’ అని వినిపించడం కాకతాళీయమే అయినా, చేసిన పనికి సరిగ్గా అతికింది. తర్వాతి కాలంలో రచయితలు తమ రాబోయే నవలలో ఒక పాత్ర పేరుని సమావేశాల్లో వేలం వేసి, వచ్చిన డబ్బుని మంచి పనులకు ఇవ్వడం మొదలుపెట్టారు.

రచయితగా ఆయన చిన్నవాడేం కాదు. 1952 నాటి ‘ద లాంగ్ లౌడ్ సైలెన్స్’లో అణుబాంబులు, రోగాలు కలిసి అమెరికా తూర్పు సగాన్ని తుడిచిపెడతాయి. మిగిలినవాళ్లు మిసిసిపీ నది దాటి రాకుండా సైన్యం కాపలా కాస్తుంది. ముగింపులో మనిషిని మనిషి తినే సంగతి ఉంటే ప్రచురణకర్త ఒప్పుకోక మార్పించాడు. 1970లో వచ్చిన ‘ద ఇయర్ ఆఫ్ ద క్వైట్ సన్’కి 1976లో ‘అస్టౌండింగ్’ తర్వాతి సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ పేరిట ఉన్న అవార్డు వెనకటి తేదీ లెక్కన ప్రత్యేకంగా ఇచ్చారు. కాలంలో ముందుకెళ్లి, జాతి వైరంతో ముక్కలైన అమెరికాను చూసే నవల అది. ఇప్పుడు చదివినా బరువు తగ్గలేదు. అయితే 1970లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ప్రపంచ సమావేశం ఆయనకిచ్చిన, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద గుర్తింపైన హ్యూగో అవార్డు నవలకి కాదు, ఉత్తమ అభిమాన రచయిత విభాగంలో. అంటే ఊరికే పంచిపెట్టే సైక్లోస్టైలు కాగితాల్లో రాసిన రాతలకి. ఈ అవార్డుల్లో అలాంటి విభాగం ఉండటమే ఆ లోకం సంగతి చెబుతుంది. మన సాహిత్య అకాడెమీలు ఉత్తరాల పేజీకి ఉత్తరాలు రాసేవాళ్లకు అవార్డు ఇచ్చినట్టు ఊహించుకుంటే సరి.

ఆ రాతలన్నీ ఇవాళ నవ్విస్తాయని కాదు. హాస్యం రాసేటప్పుడు టక్కర్ ‘హోయ్ పింగ్ పాంగ్’ అనే దొంగ పేరు వాడేవారు. చైనా పేర్లను వెక్కిరించే ఆ రకం సరదా అప్పటి అమెరికాలో ఎవరికీ తప్పనిపించలేదు. ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. సంతాప వ్యాసాల్లో ఇలాంటివి సాధారణంగా జారిపోతాయి.

జారిపోయేవి ఇంకా పెద్దవి కూడా ఉంటాయి. టక్కర్‌కి సమకాలికుడు, ఆయనకన్నా చాలా పేరున్న అభిమాని ఫారెస్ట్ జె. ఆకర్మన్. లాస్ ఏంజెలెస్ వాడు. తొమ్మిదేళ్ల వయసులో 1926 అక్టోబరు నెల ‘అమేజింగ్ స్టోరీస్’ కొన్న దగ్గర్నుంచి 2008 డిసెంబరులో 92 ఏళ్లకు చనిపోయే దాకా అదే పిచ్చి. ‘సై-ఫై’ అన్న మాట ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. 1953లో మొట్టమొదటి హ్యూగో అవార్డుల్లో అగ్ర అభిమాని అన్న గుర్తింపు ఆయనకొస్తే, ఇంగ్లండుకు చెందిన కెన్ స్లేటర్‌కి దక్కాల్సిందంటూ వేదిక మీదే వదిలేశారు. 18 గదుల ఇంట్లో పుస్తకాలు, సినిమా బొమ్మలు, సినిమాలో డ్రాక్యులా వేషానికి వాడిన ఉంగరం లాంటివి పోగేసి, శనివారాలు తలుపులు తెరిచి వచ్చినవాళ్లందరికీ తానే తిప్పి చూపేవారు. 2002లో ఆ ఇల్లు అమ్మేయాల్సి వచ్చింది. ఆయన పోయాక మిగిలిన సామాను 2009లో వేలానికెళ్లింది.

ఆకర్మన్‌ని తలిచేవాళ్లు తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. 1939 న్యూయార్క్ సమావేశానికి ఆయన భుజాల మీంచి వెనక్కి వేలాడే కేప్‌తో, రాబోయే శతాబ్దపు మనిషిలా డ్రెస్ వేసుకుని వెళ్లారు. కథల్లో, సినిమాల్లో పాత్రల్లా వేషాలు వేసుకునే నేటి కాస్‌ప్లేకి మూలం అక్కడే ఉందంటారు. ఆ బట్టలు డిజైన్ చేసి, కుట్టి, తనూ అలాంటివే తొడుక్కుని పక్కన నడిచింది మర్టిల్ డగ్లస్. అభిమానుల్లో ఆమె పేరు మొరోజో. ఆయనతో కలిసి ‘వాయిస్ ఆఫ్ ది ఇమాజినేషన్’ పత్రికను నడిపింది కూడా ఆమే. 1964లో చనిపోయారు. చాలాకాలం పాటు కాస్‌ప్లే చరిత్ర ఆకర్మన్ పేరుతోనే మొదలైంది, సూది దారం పట్టిన చెయ్యి గురించి ఈ మధ్యే మాట్లాడుతున్నారు. ఎక్కువ కాలం బతికి, ఎక్కువ మందికి కథ చెప్పగలిగినవాళ్ల వైపే జ్ఞాపకం మొగ్గుతుంది. అభిమానులు సొంత చరిత్ర సొంతంగా రాసుకున్నారు కాబట్టి ఈ మొగ్గు మరీ ఎక్కువ.

టక్కర్ విషయంలో ఆ మొగ్గు వేరే రకంగా పనిచేసింది. ఆయన దగ్గర భవంతి లేదు, మ్యూజియం లేదు. ఉన్నది అలవాట్లు నేర్పే గుణం. సమావేశాలకు హోటళ్లవాళ్లు పెట్టే తిప్పలు చూసి, 1950ల మొదట్లో ఆయన ఒక పథకం వేశారు: అభిమానులే సొంత హోటల్ కట్టుకుందాం, తలా ఒక ఇటుక పంపండి అని. సరదాకి అన్నదే. ఇటుకలు మాత్రం నిజంగానే పోస్టులో వచ్చాయి. కొత్తగా చేరేవాళ్లకు ఈ లోకం మర్యాదలు, యాస, పాత గొడవలు అర్థమయ్యేలా చెప్పే చిన్న పుస్తకం 1955లో రాశారు. అది పలుమార్లు మళ్లీ అచ్చయింది. కోడలికి అత్తగారింటి పద్ధతులు చెప్పే పెద్దముత్తయిదువ పాత్ర అది.

ఇక అందరూ చెప్పుకునేది ‘స్మూత్’. ఏ సమావేశంలోనైనా రాత్రి పొద్దుపోయాక ఏదో హోటల్ గదిలో ఇరుకిరుగ్గా మంచం మీద, నేల మీద, కిటికీ గట్టు మీద కూర్చున్న జనం. టక్కర్ చేతిలో జిమ్ బీమ్ బర్బన్ విస్కీ సీసా. మూత తీసి ఆయనో గుక్క తాగి పక్కవాళ్లకిస్తారు. సీసా చేతులు మారుతూ గది చుట్టొస్తుంది. ఆ విస్కీ గొంతు దిగేటప్పుడు మండుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి. అయినా ఎవరూ దగ్గకూడదు. ఆయన కుడి చెయ్యి పైకెత్తుతారు, గదిలో చేతులన్నీ లేస్తాయి. అందరూ కలిసి గాలిలో వంపు తిప్పుతూ చేతిని నెమ్మదిగా కిందికి దించుతూ "స్మూ... త్" అని సాగదీస్తారు. నున్నగా ఉందని అర్థం. నలభై ఏళ్ల నవలాకారుడు, మొన్న పత్రిక కొన్న కాలేజీ కుర్రాడు ఒకే సీసాలో తాగి ఒకే అబద్ధం ఆడతారు. సంఘంలో చేర్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. మందు ముట్టనివాళ్లు చెయ్యి తిప్పి ఊరుకున్నా చెల్లేది.

ఆ గదుల్లో కూర్చున్నవాళ్లు కూడా వెళ్లిపోతున్నారు. 1938కి ముందే అభిమానులైనవాళ్లు 1958లో ‘ఫస్ట్ ఫ్యాండమ్’ అని సంఘం పెట్టుకుని తమను తాము డైనోసార్లమని పిలుచుకునేవాళ్లు. 1985లో టక్కర్ ఆ సంఘం గౌరవ జాబితాకెక్కారు. ఆ తరంలో 1939 సమావేశం కళ్లారా చూసిన రాబర్ట్ మేడిల్ 2022లో 102 ఏళ్లకు పోయారు.

మనిషి పోయాక మిగిలేది అట్టపెట్టెలు. ఇంట్లోవాళ్లకు అవి ఏమిటో తెలియదు. సిరా వెలిసి, అంచులు పొడిపొడిగా రాలే కాగితాలను పాత పేపర్లవాడికి కిలో లెక్కన వేసేయడం చాలా ఇళ్లలో జరిగే పనే. పాత చందమామలు వెతికి పట్టుకుని, స్కాన్ చేసి దాచుకున్న తెలుగు పాఠకులకు ఈ టెన్షన్ బాగా తెలుసు. కొందరి పెట్టెలు మాత్రం ఒడ్డు చేరాయి. కాలిఫోర్నియాకు చెందిన బ్రూస్ పెల్జ్ పోగుచేసిన దాదాపు రెండు లక్షల అభిమాన పత్రికలు రివర్‌సైడ్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. టక్కర్ లాగే దశాబ్దాల పాటు సమావేశాలు తిరిగిన రస్టీ హెవెలిన్ 2011 డిసెంబరులో చనిపోతే, ఆయన దాచిన సుమారు పదివేల పత్రికలు అయోవా విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. వాటిని స్కాన్ చేసే పని అక్కడ పెద్ద ఎత్తున మొదలైంది.

పాత కాగితాలను భద్రపరిచే ఏ చోటైనా స్కానింగ్‌కి ముందు ఒక పని ఉంటుంది. మూలన కూర్చుని, పలచటి రేకు ముక్కతో ఒక్కో పుటనూ ఎత్తి పట్టుకుని, తుప్పు పట్టిన పిన్నులను ఊడదీయాలి. ఇనుము చెమ్మకు తుప్పుపడుతుంది, ఆ తుప్పు గోధుమ రంగు మరకగా కాగితంలోకి దిగుతుంది, కొన్నాళ్లకు అక్కడ కాగితం చిల్లు పడి ఊడొస్తుంది. అందుకే పిన్ను తీసేసి, అవసరమైతే దారంతో కుడతారు. అంటే ఇరవై ఏళ్ల బాబ్ టక్కర్ ఉత్తరాల పేజీలో పెట్టిన సంఘం ఆశయం, ఆయన బతికుండగా నవ్వులాటగానే మిగిలిపోయింది గానీ, ఇప్పుడు గ్రంథాలయాల్లో జీతమిచ్చి మరీ అమలు చేయిస్తున్నారు.